షిన్ నొప్పితో ఆగిన హాఫ్ మారథాన్ శిక్షణ: సైకిల్, ఈత కాపాడేదేమిటి, కాపాడలేనిదేమిటి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వయసు 37, కూర్చుని చేసే ఉద్యోగం, రెండేళ్లుగా పరుగు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కు పేరిచ్చారు. వారానికి 25 కిలోమీటర్ల నుంచి నెల రోజుల్లో 42కి పెంచారు. కుడికాలి షిన్ (మోకాలి కింద ముందు వైపు ఉండే ఎముక) లోపలి అంచున నొప్పి మొదలైంది. పది రోజులు ఆపితే తగ్గింది, 8 కిలోమీటర్లు పరిగెత్తగానే తిరగబెట్టింది. ఇప్పుడు మే మధ్య. ఫిట్‌నెస్ పోకుండా సైకిల్, ఈత సరిపోతాయా, మళ్లీ పరుగు ఎప్పుడు?

సైకిలూ నీళ్లలో పరుగూ మీ దమ్మును చాలావరకు నిలబెడతాయి. గుండె, రక్తం, తొడ కండరాలు, ఇవన్నీ చక్కగా నిలుస్తాయి. కానీ అడుగు పడిన ప్రతిసారీ ఎముక మీద పడే దెబ్బను తట్టుకునే శక్తి ఉందే, దాన్ని ఏ సైకిలూ కాపాడదు. ఆరు వారాలు బుద్ధిగా సైకిల్ తొక్కినవాళ్లకు ఊపిరి పది కిలోమీటర్లకు సిద్ధంగా ఉంటుంది, ఎముక రెండు కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. మళ్లీ దెబ్బ తినేది సరిగ్గా ఈ తేడా దగ్గరే. కాబట్టి ఎంత పరిగెత్తాలో ఎముకను చూసి నిర్ణయించాలి, ఊపిరిని చూసి కాదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది.

ముందు ఇది ఏ నొప్పో తేలాలి

కుర్చీలో కూర్చుని కుడి చీలమండను ఎడమ మోకాలి మీద పెట్టుకోండి. షిన్ ఎముక లోపలి అంచును చీలమండ దగ్గర నుంచి పైకి బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. నొప్పి ఐదు సెంటీమీటర్లకు మించి, అంటే కనీసం మూడు వేళ్ల వెడల్పున, పరుచుకుని ఉంటే అది ఎక్కువగా షిన్ స్ప్లింట్స్, అంటే ఎముక అంచున పైపొర మంట. పరుగు మొదట్లో నొప్పి పెట్టి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, ఆపాక మళ్లీ రావడం దాని లక్షణం. అలా కాకుండా ఒక్క వేలి కొనంత చోటే నొప్పి చురుక్కుమంటే, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంటే, మామూలు నడకలో కూడా ఉంటే, రాత్రి పడుకున్నాక సలుపుతుంటే ఎముకలో స్ట్రెస్ గాయం (పదేపదే పడే భారంతో ఎముక దెబ్బతినడం, ముదిరితే చీలడం) అని అనుమానించాలి. మీరు పది రోజులు ఆగాక కూడా ఒక్క పరుగుతోనే నొప్పి తిరిగొచ్చింది కాబట్టి ఈ రెండో అనుమానాన్ని కొట్టిపారేయలేం.

ఒంటికాలి మీద గెంతి చూసుకోమని చాలామంది చెబుతారు. నడిస్తేనే నొప్పి ఉన్నప్పుడు గెంతకండి. ఆ పరీక్షతో కొత్తగా తెలిసేదేమీ ఉండదు, చీలిక ఉంటే పెద్దది కావచ్చు.

ఎక్స్-రే తీయించి "అంతా బాగానే ఉంది" అనిపించుకుని పరుగుకు వెళ్లిపోవడం తరచూ జరిగే పొరపాటు. తొలి రెండు మూడు వారాల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్ ఎక్స్-రేలో చాలాసార్లు కనిపించదు. నొక్కితే ఒకే చోట నొప్పి ఉంటే అడగవలసింది ఎమ్మారై, అదీ కాంట్రాస్ట్ ఇంజెక్షన్ లేకుండా. రిపోర్టులో ఎముక పైపొర దగ్గర మాత్రమే వాపు అని ఉంటే గ్రేడ్ 1. మజ్జలో వాపు ఉంటే 2 లేదా 3. చీలిక గీత కనిపిస్తే 4. గ్రేడ్ 1కి పరుగు విరామం రెండు మూడు వారాలు సరిపోవచ్చు. 2కి నాలుగు నుంచి ఆరు, 3కి ఆరు నుంచి తొమ్మిది, 4కి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. మొదలుపెట్టే రోజును క్యాలెండర్ చూసి కాక, కింద చెప్పే పరీక్షలు చూసి నిర్ణయించాలి.

కొన్ని చోట్ల నొప్పి ఉంటే సొంత వైద్యం అసలు వద్దు. షిన్ ఎముక ముందు వైపు, సరిగ్గా నడిమధ్యన ఒకే చోట నొప్పి. గజ్జలో లోతుగా, కాలు మోపితే వచ్చే నొప్పి. పాదం పైన మధ్యలో నొప్పి. పాదం బయటి అంచున చిటికెన వేలి ఎముక మొదట్లో నొప్పి. ఇక్కడి చీలికలు చాలాసార్లు సరిగా అతుక్కోవు, గజ్జ దగ్గరిదైతే తుంటి ఎముక పూర్తిగా విరగవచ్చు. వెంటనే పరుగు ఆపేసి ఆ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంకో రెండు సంగతులు కూడా. ప్రతి పరుగులో ఒకే నిమిషానికి పిక్క బిగుసుకుపోయి, పాదం తిమ్మిరెక్కి, ఆపిన కాసేపటికే పూర్తిగా పోతుంటే అది కండరపు అరల్లో ఒత్తిడి పెరగడం కావచ్చు. దానికి ఎంత విశ్రాంతి తీసుకున్నా లాభం లేదు, వేరే పరీక్ష కావాలి. సుదూర విమాన ప్రయాణం తర్వాత ఒక పిక్క వాచి, వెచ్చగా ఉండి నొప్పి పెడితే అది పరుగు గాయం అనుకోకండి, రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పది రోజుల విశ్రాంతి ఎందుకు సరిపోలేదు

భారం పెరిగినప్పుడు ఎముక ముందుగా తన అలసిన భాగాన్ని తొలుచుకుంటుంది, తర్వాతే కొత్త ఎముకతో నింపుకుంటుంది. తొలవడం రెండు మూడు వారాల పని, నింపడం సుమారు మూడు నెలల పని. ఈ రెంటికీ మధ్య ఎముక ముందున్న దానికంటే బలహీనంగా ఉంటుంది. అప్పుడు అదే మైలేజీ (వారానికి పరిగెత్తే దూరం) కొనసాగించడమంటే మరమ్మతుకు తవ్విన రోడ్డు మీద లారీలు నడపడమే. మైలేజీ పెంచిన వారంలో ఏమీ కాకుండా మూడో వారం నుంచి ఆరో వారం మధ్య నొప్పి రావడానికి కారణం ఇదే. నొప్పి వచ్చిన రోజు ఏం చేశానా అని వెతక్కండి. మీ వాచ్‌లో నెల కిందటి వారాలు తిరగేయండి, కారణం అక్కడ దొరుకుతుంది.

పది రోజులు ఆపితే పైపొర మంట తగ్గుతుంది, నొప్పి పోతుంది. లోపల నింపే పని అప్పటికి సగం కూడా కాదు. అందుకే పది రోజులు ఆపడం, పరిగెత్తడం, మళ్లీ ఆపడం అనే చక్రంలో కొంతమందికి ఏడాది గడిచిపోతుంది. ఒకేసారి ఐదారు వారాలు పద్ధతిగా తీసుకుంటే అంతకంటే చాలా తక్కువ కాలంలో తేలిపోయే సమస్య ఇది.

ఫిట్‌నెస్ గురించి భయం కూడా అవసరానికి మించి ఉంటుంది. వారం పది రోజులు ఏమీ చేయకపోయినా పెద్దగా పోయేది లేదు. రెండు మూడు వారాలు పూర్తిగా కూర్చుంటే కొంత తగ్గుదల తెలుస్తుంది, నెల దాటితే బాగా తెలుస్తుంది. ఇది ఏ వ్యాయామమూ లేకుండా ఉన్నవాళ్ల సంగతి. వారానికి రెండు మూడుసార్లు గట్టిగా ఆయాసం వచ్చే పని చేస్తున్నంతకాలం, మొత్తం గంటలు సగానికి తగ్గినా దమ్ము చాలావరకు నిలుస్తుంది. ఇక్కడ లెక్కకొచ్చేది తీవ్రత. రోజూ గంటసేపు కబుర్లు చెప్పుకుంటూ తొక్కే సైకిల్ మిమ్మల్ని కాపాడదు.

నీళ్లలో పరుగు

పరుగుకు అన్నిటికంటే దగ్గరి పని ఇదే. పాదాలు నేలకు తగలని లోతు కావాలి, అంటే దాదాపు రెండు మీటర్లు. అపార్ట్‌మెంట్ పూల్స్ ఎక్కువగా నాలుగడుగులే ఉంటాయి, వాటిలో కుదరదు. స్టేడియంలలోనూ స్పోర్ట్స్ కాంప్లెక్సుల్లోనూ ఉండే పెద్ద పూల్స్‌లో లోతు వైపు కావాలని ముందే అడిగి, జనం తక్కువుండే బ్యాచ్ చూసుకోండి. నడుముకు కట్టుకునే ఫ్లోటింగ్ బెల్ట్ తప్పనిసరి. ఈత వచ్చినా సరే కట్టుకోండి, లేకపోతే మునగకుండా ఉండటానికే శక్తంతా పోతుంది, కాళ్ల కదలిక పరుగులా ఉండదు.

గడ్డం నీటికి పైన, ఒళ్లు నిటారుగా, చీలమండల నుంచి రవ్వంత ముందుకు వంగి ఉండాలి. మోకాలు ముందుకెత్తి, పాదాన్ని కిందికి, వెనక్కి తోయాలి. చేతులు పరుగులో ఊగినట్టే ఊగాలి, పిడికిలి వదులుగా మూసి ఉండాలి. అరచేతులతో నీళ్లు తోస్తున్నారంటే ఈదుతున్నట్టే, పరిగెత్తుతున్నట్టు కాదు. ముందుకెంత కదిలారన్నది ముఖ్యం కాదు. నీళ్ల ఒత్తిడి వల్ల అదే ఆయాసానికి గుండె వేగం నేల మీదకంటే పది పదిహేను బీట్లు తక్కువ చూపిస్తుంది కాబట్టి వాచ్‌లోని పాత గుండె వేగం జోన్లు పట్టుకుని వేలాడకండి. మాట్లాడగలిగితే తేలిక, రెండు మూడు ముక్కలే అనగలిగితే గట్టి పని.

నీళ్లలో తేలిగ్గా 45 నిమిషాలు చేస్తే విసుగొస్తుంది, ఫలితమూ తక్కువ. ఇంటర్వల్స్ చేయండి. ఒక రోజు పది నిమిషాల వార్మప్ తర్వాత 3 నిమిషాలు గట్టిగా, 1 నిమిషం తేలిగ్గా, ఆరుసార్లు. ఇంకో రోజు 1 నిమిషం గట్టిగా, 30 సెకన్లు తేలిగ్గా, పదిహేనుసార్లు. నేల మీద కాళ్లు తట్టుకోలేనన్ని ఇంటర్వల్స్ ఇక్కడ చేయొచ్చు, ఎందుకంటే దెబ్బ లేదు.

నాలుగడుగుల పూల్ మాత్రమే దొరికితే దాన్ని తర్వాతి దశకు ఉంచుకోండి. నడుం లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడేది దాదాపు సగం బరువు, ఛాతీ లోతులో మూడో వంతు. నడక నొప్పి లేకుండా అయ్యాక, నేల మీద పరుగు మొదలయ్యే ముందు, ఛాతీ లోతులో మెల్లగా పరిగెత్తడం మంచి మధ్యమెట్టు. మామూలు ఈత కూడా మంచిదే. గోడను తన్ని మలుపు తిరిగేటప్పుడు మాత్రం బాగున్న కాలితో తన్నండి.

సైకిల్, మిగతావి

సైకిల్ సీటు ఎత్తు తప్పితే షిన్ నొప్పి పోయేలోపు మోకాలి నొప్పి వస్తుంది. పెడల్ కింది చివర ఉన్నప్పుడు మడమ పెడల్ మీద పెడితే మోకాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు తక్కువగా ఉందేమో చూడండి, మోకాలి వెనక లాగితే ఎక్కువగా ఉందేమో చూడండి. నిమిషానికి 85–95 చుట్లు తిప్పేలా గేరు పెట్టుకోండి. భారీ గేరులో తొక్కితే ఊపిరికి ముందే తొడ అలిసిపోతుంది. పరుగు అలవాటున్నవాళ్లకు సైకిల్ మీద గుండె వేగం ఐదు పది బీట్లు తక్కువే అందుతుంది, అది మామూలే.

లెక్క ఇలా వేసుకోండి: నీళ్లలో పరుగు అయితే నిమిషానికి నిమిషం. తేలిక సైకిల్ అయితే గంట పరుగుకు బదులు 75–90 నిమిషాలు. మీ లాంగ్ రన్‌కు, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగుకు, బదులుగా ఆదివారం రెండు గంటల సైకిల్ ఉంటుంది. వారం మధ్యలో 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు తేలిగ్గా, ఐదుసార్లు. ఈ ఎండల్లో ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపే స్టాండు) మీద తొక్కితే ముందు ఫ్యాన్ పెట్టుకోండి. గాలి తగలకపోతే పది నిమిషాల్లో గుండె వేగం ఎగబాకుతుంది, కష్టపడిపోయాం అనిపిస్తుంది కానీ జరిగింది వేడెక్కడమే. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగాలి, అందులో చిటికెడు ఉప్పు.

ఎలిప్టికల్ మెషీన్ మీద శరీరం బరువంతా కాళ్ల మీదే ఉంటుంది, దెబ్బ మాత్రం ఉండదు. నడకలో నొప్పి పూర్తిగా పోయాకే ఎక్కండి, పిడుల మీద వాలిపోకండి. మెట్ల మెషీన్, ట్రెడ్‌మిల్ మీద ఎత్తు పెట్టి నడవడం, రెండూ పిక్కను గట్టిగా లాగుతాయి, కాబట్టి ఇంకా తర్వాత. స్కిప్పింగ్, జుంబా, బ్యాడ్మింటన్ క్రాస్ ట్రైనింగ్ (పరుగుకు బదులు చేసే వ్యాయామం) కానే కావు. "పరిగెత్తడం లేదు కదా, షటిల్ ఆడుకుంటున్నా" అంటూ షిన్‌ను ముదరబెట్టుకోవడం మన ఊళ్లలో చాలా మామూలు. షటిల్‌లో కాలు ముందుకు చాపి వంగిన ప్రతిసారీ, స్మాష్ కొట్టి కిందికి దిగిన ప్రతిసారీ షిన్ మీద పడేది ఒక గట్టి దెబ్బే.

పిక్కలు: ఈ గాయంలో అసలు పని ఇక్కడుంది

అడుగు పడినప్పుడు షిన్ ఎముక కొద్దిగా వంగుతుంది. ఆ వంపును ఎదురులాగి తగ్గించేది పిక్క కండరం. పరుగులో పిక్క లోపలి పొర, సోలియస్, శరీర బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్ల బలం పుట్టించాల్సి వస్తుంది. అది అలిసిపోతే వంపు భారమంతా ఎముకదే. మీ నొప్పి లోపలి అంచున ఉండటానికీ దీనికీ సంబంధం ఉంది. మైలేజీ 25 నుంచి 42కి పెరిగింది కానీ పిక్క బలం పెరగలేదు.

మెట్టు అంచున పాదం ముందుభాగం ఉంచి, గోడకు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద లేవండి. రెండు సెకన్లలో పైకి, ఒక సెకను ఆగి, మూడు సెకన్లలో కిందికి. మోకాలు నిటారుగా ఉండాలి, పూర్తి ఎత్తుకు లేవాలి. 37 ఏళ్ల రన్నర్ కాలికి ఇలా 25 చేయగలగాలి. చాలామంది పన్నెండు దగ్గరే ఆగిపోతారు, గాయపడిన వైపు ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. ముందు రెండు కాళ్ల మీద 15 చొప్పున మూడు సెట్లు. తర్వాత రెండు కాళ్లతో లేచి ఒక కాలితో దిగడం. తర్వాత ఒంటికాలి మీద మూడు సెట్లు. 25 అందాక చేతిలో 5 కిలోల డంబెల్, తర్వాత 10.

సోలియస్‌కు మోకాలు వంచాలి. కుర్చీలో కూర్చుని పాదాల ముందుభాగం ఒక చెక్కపలక మీద పెట్టి, మోకాళ్ల మీద బరువు పెట్టుకుని మడమలు లేపండి. జిమ్‌లో మెషీన్ ఉంటుంది. ఇంట్లోనైతే 25 కిలోల బియ్యం బస్తాను దుప్పటి మడత మీద పెట్టుకుంటే మొదటికి సరిపోతుంది. నాలుగు సెట్లు, 8–12 చొప్పున. ఆఖరి రెండూ నిజంగా కష్టంగా ఉండేంత బరువు కావాలి. ఉత్త కాళ్లతో యాభై, వంద లేపడం వల్ల ఈ బలం రాదు. చేసేవాళ్లలో చాలామంది వదిలేసేది దీన్నే, ఈ గాయానికి ఎక్కువ పనికొచ్చేదీ ఇదే.

వీటితోపాటు గోడకు వీపు ఆనించి పాదాలు అడుగు ముందుకు పెట్టి వేళ్లు పైకి లేపడం, 20 చొప్పున మూడు సెట్లు. తుంటికి సైడ్ ప్లాంక్, ఒంటికాలి బ్రిడ్జ్, అరడుగు ఎత్తు మెట్టు మీద నుంచి మోకాలు లోపలికి వాలకుండా నెమ్మదిగా దిగడం. వారానికి మూడు రోజులు చాలు. షిన్ స్ప్లింట్స్ అయితే పదికి రెండు వరకు నొప్పి ఉన్నా చేయొచ్చు, మర్నాడు ఉదయానికి మామూలైపోవాలి. ఎముక గాయమని ఎమ్మారైలో తేలితే ఈ సడలింపు లేదు, నొప్పి సున్నా ఉండాలి. నిలబడి చేసేవి నడక నొప్పి లేకుండా అయ్యాకే.

నొప్పిగా ఉన్న ఎముక అంచును ఫోమ్ రోలర్‌తోనో, నూనె రాసి బొటనవేళ్లతోనో గట్టిగా రుద్దించకండి. మంటగా ఉన్న పైపొరను ఇంకా గీరడమే అది. పిక్క కండను రుద్దుకోండి, ఎముకను వదిలేయండి. ఐస్ పది పదిహేను నిమిషాలు పెట్టొచ్చు, నొప్పికే గానీ మానడానికి కాదు. కాలికి తొడిగే బిగుతు స్లీవ్ కూడా అంతే. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుని పరుగుకు వెళ్లడం మాత్రం ప్రమాదం. ఎప్పుడు ఆపాలో చెప్పే నొప్పినే అవి మూసేస్తాయి.

తిండి

గాయమైంది, తక్కువ కదులుతున్నాను, బరువు పెరుగుతానని అన్నం సగానికి తగ్గించకండి. కొత్త ఎముక కట్టడానికి తిండి కావాలి. నిజానికి చాలా స్ట్రెస్ గాయాల వెనక ఉన్నది తక్కువ తిండే: పొద్దున్నే ఖాళీ కడుపుతో పదిహేను కిలోమీటర్లు, తర్వాత కాఫీ, పదకొండింటికి రెండు ఇడ్లీలు. పరుగుకు ముందు ఒక అరటిపండు, అయిన అరగంటలో కడుపు నిండా టిఫిన్ ఉండాలి. ఉపవాసం ఉండే రోజుల్లో గట్టి ఇంటర్వల్స్ పెట్టుకోకండి.

కిలో బరువుకు సుమారు ఒకటిన్నర గ్రాముల ప్రోటీన్ లెక్కన 65 కిలోల మనిషికి వంద గ్రాములు. గుడ్డుకు ఆరు, గ్లాసు పాలకు ఎనిమిది, కప్పు పప్పుకు ఎనిమిది తొమ్మిది, వంద గ్రాముల పనీర్‌కు పద్దెనిమిది. లెక్కేసి చూస్తే మన మామూలు భోజనం సగం దగ్గరే ఆగుతుంది. కాల్షియం రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు: గ్లాసు పాలలో 300, వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా. విటమిన్ డి పరీక్ష చేయించండి, మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపమే. ఎండ దండిగా ఉన్న ఊళ్లోనూ ఆఫీసు మనుషులకు ఇది చాలా మామూలు. అరవై వేల యూనిట్ల సాచెట్లు వారానికొకటి చొప్పున డాక్టర్ చెప్పినన్ని వారాలే వేసుకోవాలి. మంచిదే కదా అని నెలల తరబడి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు చేటు. ఇది చదువుతున్న మహిళా రన్నర్లకు ఒక మాట: మూడు నెలలుగా నెలసరి రాకపోతే, దానితోపాటు ఎముక నొప్పి ఉంటే, రెండూ ఒకే సమస్య కావచ్చు. గైనకాలజిస్ట్‌కు పరుగు సంగతి కూడా చెప్పండి.

మళ్లీ పరుగు

మొదలుపెట్టడానికి ఇవన్నీ కావాలి: వరసగా ఏడు రోజులు నడకలో, మెట్లలో నొప్పి లేకపోవడం, అంచును నొక్కితే నొప్పి లేకపోవడం, ఉన్నా రెండో కాలితో సమానంగా ఉండటం, 45 నిమిషాల చురుకైన నడక నొప్పి లేకుండా రావడం, ఒంటికాలి మీద 20 పైగా పిక్క లేపులు (పైన చెప్పినట్టు మెట్టు అంచున మడమ లేపడం), చివరగా, ఆ కాలి మీదే ఉన్నచోట 10 గెంతులు నొప్పి లేకుండా. నాలుగు వచ్చి ఒకటి రాకపోతే ఇంకో వారం ఆగండి.

రోజు విడిచి రోజు, సమతలంగా ఉన్న చోట, పాత తేలిక పేస్ కంటే కిలోమీటరుకు ఒక నిమిషం నెమ్మదిగా:

1. 4 నిమిషాలు నడక, 1 నిమిషం పరుగు, ఆరుసార్లు
2. 3 నడక, 2 పరుగు, ఆరుసార్లు
3. 2 నడక, 3 పరుగు, ఆరుసార్లు
4. 1 నడక, 4 పరుగు, ఆరుసార్లు
5. ఆపకుండా 30 నిమిషాలు

ప్రతి మెట్టూ కనీసం రెండుసార్లు, స్ట్రెస్ గాయమైతే మూడుసార్లు. మొదటి మెట్టు మీకు అవమానంగా అనిపించేంత తేలిక. ఊపిరి "ఇంకా ఇంకా" అంటుంది. సైకిల్ మీద మీరు కాపాడుకున్న ఫిట్‌నెస్ ఇప్పుడు మిమ్మల్ని తప్పుదారి పట్టించేది ఇక్కడే. మిగిలిన కసి తీర్చుకోవాలంటే 30 నిమిషాలు అయ్యాక సైకిల్ ఎక్కండి, ఏడో సెట్ మాత్రం వద్దు. పరుగులో నొప్పి మొదలైతే ఆ క్షణం నుంచి నడిచి ఇంటికి రండి. రెండు రోజులు ఆగి, నొప్పి పోయాక ఒక మెట్టు కిందికి దిగి మొదలుపెట్టండి. పరుగైన మర్నాడు పొద్దున మంచం దిగగానే నొక్కి చూడటం అలవాటు చేసుకోండి. పరుగులో తెలియని నొప్పి అప్పుడు తెలుస్తుంది.

పక్కకు వాలిన రోడ్డు అంచున ఒకే దిశలో పరిగెత్తకండి. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్నవాళ్లు ఇసుక మెత్తగా ఉంటుంది కదా అని ఒడ్డుకు దిగుతుంటారు. అక్కడ వాలూ ఉంటుంది, పిక్కకు రెట్టింపు పనీ ఉంటుంది. తిరిగొచ్చే తొలి నెలకు అది తగదు. స్టేడియం ట్రాక్ అయితే మధ్యలో దిశ మార్చండి. ట్రెడ్‌మిల్ నిక్షేపంగా పనికొస్తుంది.

పేస్ మార్చకుండా అడుగుల సంఖ్యను ఐదు శాతం పెంచితే, అంటే నిమిషానికి 160 ఉన్నవాళ్లు 168కి వస్తే, ప్రతి అడుగు దెబ్బా తగ్గుతుంది. మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని ఒక నిమిషం చొప్పున సాధన చేయండి. అడుగులు ఒకే గీత మీద పడుతుంటే కాస్త ఎడంగా వేయండి, షిన్ మీద మెలిక తగ్గుతుంది. మడమతో దిగే అలవాటును ముందుపాదానికి మార్చుకునే ప్రయోగం ఇప్పుడు వద్దు, భారమంతా పిక్క మీదికీ మడమ వెనక స్నాయువు (అకిలీస్) మీదికీ మారుతుంది. కార్బన్ ప్లేట్ షూ (అడుగున గట్టి కార్బన్ పలక ఉండే రేస్ షూ) కూడా ఈ రెండు నెలలు పక్కన పెట్టండి. మామూలు షూ 700, 800 కిలోమీటర్లు దాటి ఉంటే మార్చండి, దాటకపోతే గాయానికి కారణం షూ అని కొత్త జత కొనకండి.

30 నిమిషాలు ఆపకుండా వచ్చాక ముందు దూరం పెంచండి, తర్వాత వేగం, తర్వాత ఎత్తులు, అన్నిటికంటే చివర దిగుడు. ఒకే వారంలో రెండు పెంచకండి. వారం మొత్తం పది శాతం అనే లెక్క కంటే ఒక్కో పరుగు పొడవు మీద కన్నేయండి. వారమంతా తక్కువ చేసి ఆదివారం ఒక్కసారిగా లాగడమే ఎక్కువమందిని పడగొడుతుంది. చిన్న దూరాల్లో లాంగ్ రన్‌కు వారానికి ఒక కిలోమీటరు, పది దాటాక గత నెలలో మీ అతి పొడవైన పరుగు మీద పది శాతం లోపే పెంచండి. పరుగు పెరిగే కొద్దీ క్రాస్ ట్రైనింగ్ అంత తగ్గాలి, దాని మీద ఇది కలపకూడదు. బరువుల వ్యాయామం పరుగు రోజు సాయంత్రమే చేసుకోండి, మర్నాడు కాలికి నిజమైన విశ్రాంతి దొరుకుతుంది. ఈ దశలో వారానికి మూడు రోజులు 20 చిన్న గెంతులు ఉదయం, 20 సాయంత్రం చేస్తే ఎముకకు మేలు. ఎముక కొన్ని పదుల దెబ్బల తర్వాత స్పందించడం తగ్గిస్తుంది, కొన్ని గంటల విరామం తర్వాత మళ్లీ స్పందిస్తుంది. అందుకే ఒకేసారి వంద గెంతితే లాభం లేదు.

ఇక ఆగస్టు లెక్క. చేతిలో పదిహేను వారాలున్నాయి. ఇది షిన్ స్ప్లింట్స్ లేదా గ్రేడ్ 1 అయితే మూడు వారాలు పరుగు లేదు, పైన చెప్పిన ఐదు మెట్లకు నాలుగు వారాలు. జూలై మొదటి వారానికి 30 నిమిషాలు, అంటే నాలుగున్నర ఐదు కిలోమీటర్లు. మిగిలిన ఎనిమిది వారాల్లో వారానికొక కిలోమీటరు లెక్కన 12, 13 దాకా రావొచ్చు. ఇది 10కె (పది కిలోమీటర్ల రేసు) పరిగెత్తడానికి సరిపోయే స్థితి, హాఫ్‌కు కాదు. పైగా నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి వైపు సాగే ఆ దారిలో ఫ్లైఓవర్లూ ఎత్తుపల్లాలూ ఉన్నాయి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పోయిన సమయాన్ని దిగేటప్పుడు రాబట్టుకుంటారు అందరూ, షిన్ మీద పెద్ద దెబ్బలు పడేది ఆ దిగుడులోనే. 10కెకు మార్చుకునే వీలుంటే ఇప్పుడే అడగండి. గ్రేడ్ 2 అయితే ఆగస్టు చివరికి మీరు ఆరేడు కిలోమీటర్ల దగ్గర ఉంటారు. 3 గానీ 4 గానీ అయితే ఈ ఆగస్టును వదిలేసి, చలికాలం హాఫ్ ఏదైనా చూసుకోండి. జనవరి మూడో ఆదివారం ముంబై ఉంది, వాతావరణమూ మనకు అనుకూలం.

ఎమ్మారై తీయిస్తే రిపోర్టులోని గ్రేడ్, రెండు కాళ్లకూ విడివిడిగా ఒంటికాలి పిక్క లేపుల సంఖ్య, గత ఎనిమిది వారాల మైలేజీ రాయండి. మెట్ల మధ్య ఎన్ని రోజులు ఉంచాలో, నీళ్ల పనీ సైకిలూ వారంలో ఎక్కడెక్కడ పెట్టాలో వాటిని బట్టి చెప్పొచ్చు.